కోడి నెత్తురు

ఉదయగిరి, 16 జూన్ 1998, మంగళవారం

నేను డైరీ రాసే మనిషిని కాను. పదో తరగతి పరీక్ష రాసిన తర్వాత ఉత్తరాలు, స్త్రీల సమాజం మినిట్స్ తప్ప ఏమీ రాయలేదు. ఇప్పుడు రాయడానికి కారణం ఒక్కటే. ఇంట్లో గట్టిగా ప్రార్థన చేయవద్దని ఆయన అన్నాడు.

మాకూ పెంచలమ్మ వాళ్ళకూ మధ్య ఒకటే గోడ, పైన రేకులు. మోకాళ్ళ మీద ఉండి పైకే ప్రార్థన చేయడం మా అమ్మ నేర్పిన అలవాటు. మనసులో చేసుకునే ప్రార్థన నాకు చేతకాదు, మధ్యలో బియ్యం, పప్పు గుర్తుకొస్తాయి. నిన్న ప్రార్థనలో "ప్రభువా, ఆయన చెయ్యి ఆపు" అన్నాను. ఈ ఉదయం కొళాయి దగ్గర, ఆయన వింటుండగానే, "సుధక్కా, మళ్ళా కొట్టినాడా?" అని పెంచలమ్మ అడిగింది. ఇంట్లోకి వచ్చాక జుట్టు పట్టుకుని నా తలను గోడకు కొట్టాడు, రెండుసార్లు. "నీ దేవునికి చెవుడా? మెల్లగా చెప్తే ఇనపడదా?" అన్నాడు. ఆయన మా చర్చి సంఘంలో డీకను, అంటే పెద్ద.

మెల్లగా చెప్పడమంటే ఇదే కాబోలు. మా అమ్మాయి కరుణశ్రీ నర్సు ట్రైనింగులో సగం వాడి వదిలేసిన నోటుబుక్కు ఇది. ఇప్పుడు అది మొగుడితో కావలిలో ఉంది, దానికివన్నీ చెప్పను. పుస్తకం బియ్యం డ్రమ్ములో పెడతాను. ఆయన ఆ డ్రమ్ము ముట్టడు.

17 జూన్

బండి వచ్చిన దగ్గర్నుంచే ఇదంతా అని రాయబోయాను. అబద్ధం. అంతకు ముందూ ఉంది. బండి వచ్చాక ఎక్కువైంది.

ఆయన ఆర్ అండ్ బిలో రోడ్డు రోలరు డ్రైవరు. ముప్పై ఏళ్ళుగా, మనిషి నడక కంటే నెమ్మదిగా పోయే యంత్రం మీద కూర్చుంటున్నాడు. దాన్ని స్టార్టు చేయాలంటే మోచేతి పొడవున ఇనుప హేండిలు ముందు దూర్చి చేత్తో తిప్పాలి. ఆ హేండిలు యార్డులో వదలడు, వేరెవడైనా తన రోలరు తీస్తాడని. రోజూ ఇంటికి తెస్తాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ హేండిలు మా తలుపు మూలనే ఉండేది, బండి వచ్చాక దాని పక్కపెట్టెలో ఉంటోంది.

అంత నెమ్మది బండి తోలే మనిషికి రేసులంటే పిచ్చి. చిన్నప్పుడు నెల్లూరు నుంచి లారీ ఎక్కి మద్రాసు దగ్గరి షోలవరం పోయి మోటారుసైకిల్ రేసులు చూసి వచ్చాడు. ఆ సంగతి నాకు కంఠతా వచ్చు. కేబుల్ పెట్టించిందీ అందుకే. ఆదివారం సాయంత్రం విదేశాల రేసులు వస్తాయి. బస్టాండు దగ్గర మెకానిక్ షెడ్డున్న ఖాదర్ బాషా కూడా వచ్చి చూస్తాడు. ఇరవై ఏళ్ళ స్నేహం వాళ్ళది.

బండి సంగతి ఆయనకు చెప్పింది ఖాదర్ బాషానే. ఆత్మకూరులో ఒక కాంట్రాక్టరు కొడుకు మద్రాసులో తయారు చేయించుకుని, మూడేళ్ళు తోలి విసుగెత్తి అమ్మకానికి పెట్టాడు. ముగ్గురం బస్సులో వెళ్ళాం. తాళం చేతికి తీసుకునే ముందు ప్రార్థన చేయాలని నన్ను తీసుకెళ్ళాడు.

ఎన్‌ఫీల్డే కానీ ఎన్‌ఫీల్డులాగా లేదు. హేండిలు ఎద్దు కొమ్ముల్లాగా పైకి లేచి ఉంది. సీటు కిందికి దిగి ఉంది. కాళ్ళు ముందుకు చాపుకుని పడక్కుర్చీలో కూర్చున్నట్టు కూర్చోవాలి. క్రూజరు అంటారట. ఖాదర్ బాషా స్టార్టు చేసి, సైలెన్సరు ముందు అరచెయ్యి పెట్టి వాసన చూశాడు. ఇంజనాయిలు రెండు వేళ్ళ మధ్య నలిపాడు.

"బండి బాగుండాదన్నా. అయితే ఒక మాట. ఇది నిదానంగా ఊరేగే బండి. రేసుకు పనికిరాదు. ఒంపులో పడుకోబెడితే లెయ్యదు."

"రేసుకని ఎవుడు కొంటుండాడ్రా" అన్నాడు ఆయన.

ఖాదర్ బాషా నా వైపు తిరిగాడు. "వదినా, నువ్వన్నా చెప్పు. అన్న షోలవరం కత చెప్పని దినం ఒకటన్నా ఉండాదా?"

నాకు నవ్వొచ్చింది. నవ్వాను. ఆయన నన్ను చూశాడు. తర్వాత ప్రార్థన చేశాను.

21 జూన్, ఆదివారం

బండిని ఈ రోజు ప్రతిష్ఠ చేశారు. గుడి ముందు నిలబెట్టి రిబ్బను కట్టారు. మా పాస్టరు డేవిడ్‌రాజు అయ్యగారు బండి హేండిలు మీద నూనె రాసి, ఈ వాహనం సువార్త పనికి వాడబడాలని ప్రార్థించారు. పిల్లలు హారన్ కొట్టాలని ఎగబడ్డారు.

తర్వాత నన్ను వెనక కూర్చోబెట్టుకుని కొండ కింద దాకా తీసుకెళ్ళాడు. అక్కడ బండి ఆపి, పైన పాడుబడిన కోట గోడ వైపు చూపించి ఏదో చెప్పాడు, గాలిలో వినపడలేదు. భయపడకుండా అరగంట కూర్చున్నాను. ఇది కూడా రాసి పెట్టుకోవాలి. కొట్టినవే రాస్తే అన్యాయం.

5 జూలై, ఆదివారం

రేసు.

చూడగా చూడగా నాకు కొంత అర్థమైంది. వంపు వచ్చాక బండిని వంచేవాడు పడతాడు. వంపు రాకముందే వంచడం మొదలుపెట్టేవాడు గెలుస్తాడు. ఈ మాట నేను ఎవరికీ చెప్పలేదు. ఖాదర్ బాషా మాత్రం ప్రతి ఆదివారం అడుగుతాడు. "వదినా, ఈ రోజు ఎవురు?" యాభై ఏళ్ళలో ఎవరూ నా అభిప్రాయం అడగలేదు. సంఘంలో వంట ఎన్ని కిలోలని అడుగుతారు, అది వేరు.

"మూడోవాడు. పసుపు హెల్మెట్టు" అన్నాను.

ఆయన నీలం బండి అన్నాడు. ఆఖరి రౌండు దాకా నీలం బండే ముందుంది. చివరి వంపులో నీలం బండి జారి ఇసుకలో మూడు పల్టీలు కొట్టింది. మనిషి బొమ్మలాగా ఎగిరిపడ్డాడు. పసుపు హెల్మెట్టు గెలిచాడు.

ఖాదర్ బాషా తొడ చరిచాడు. "అన్నా, నువ్వు రోలరు కాడికి పో. టీవీ కాడ వదిన్ను కూసోనీ!"

ఖాదర్ బాషా టీ తాగి వెళ్ళేవరకు ఆయన నవ్వుతూనే ఉన్నాడు. గడియ పెట్టి, బండితో పాటు కొన్న హెల్మెట్టు తీసుకుని వీపు మీద కొట్టాడు. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. "వాడు అడిగితే చెప్తావు. వాడికి చెప్తావు." ఇదే మాట అంటున్నాడు. కింద పడ్డాక కాలితో తన్నాడు.

హెల్మెట్టు గట్టిదే. గీత కూడా పడలేదు.

7 జూలై

బాత్రూములో జారిపడ్డానని పెంచలమ్మకు చెప్పాను. మాకు బాత్రూము లేదు, తడికె ఉంది. పెంచలమ్మ వేడినీళ్ళు కాచి తెచ్చింది.

12 జూలై, ఆదివారం

ఈ ఆదివారం టీవీలో రేసు లేదు. గుడి నుంచి రాగానే ఆయన దుత్తలూరు రోడ్డు మీదికి వెళ్ళాడు. అక్కడ మూడు మైళ్ళు తిన్నగా ఉంటుంది. రెండేళ్ళ కిందట ఆయన రోలరు తిప్పిన రోడ్డే. ఆదివారాలు అక్కడ కుర్రవాళ్ళు బండ్లు పరిగెత్తిస్తారు. ఈయనకు యాభై అయిదు.

వాళ్ళు "రోలర్ మామా, రా, రా" అంటున్నారని చెప్పాడు. మర్యాదగానే అంటున్నారు అనుకున్నాడో ఏమో, చెప్పేటప్పుడు నవ్వాడు. అన్నం తినేటప్పుడు కంచం విసిరాడు. ఉప్పు ఎక్కువైందట.

19 జూలై, ఆదివారం

ఈ రోజు రేసు చూశాం. నేను అనుకున్న బండే గెలిచింది. స్తోత్రం.

20 జూలై, సోమవారం

ఖాదర్ బాషా ఆసుపత్రిలో ఉన్నాడు. నిన్న ఏడింటి బస్సువాళ్ళు చూశారట. దుత్తలూరు రోడ్డులో కల్వర్టు కింద పడి ఉన్నాడు, పక్కనే అతని పాత రాజ్‌దూత్ బండి. ఆత్మకూరు తీసుకెళ్ళారు, అక్కడినుంచి నెల్లూరు పంపించారు. తల వెనక పగిలింది. తెలివి లేదు. వేగంగా వచ్చి పడ్డాడని అందరూ అంటున్నారు.

నిన్నటిది సరిగ్గా రాయాలి.

మధ్యాహ్నం ఇద్దరూ చెరో బండి మీద వెళ్ళారు. ఆయన నాలుగింటికి ఒక్కడే వచ్చాడు. చొక్కా ముందుభాగం, కుడి చెయ్యి నెత్తురు. ఒంటి మీద దెబ్బ లేదు. బండి పక్కపెట్టెలో నుంచి రోలరు హేండిలు తీసి ఇచ్చాడు. దానికీ ఉంది.

"దుత్తలూరులో కోడిని కోయించినా. మీద పడింది. కడుగు" అన్నాడు.

చొక్కా సబ్బుతో ఉతికాను. హేండిలు చింతపండూ బూడిదా పెట్టి తోమాను. కోడి ఎక్కడ అని అడగలేదు. నిన్న మేము పప్పు తిన్నాం.

ఈ ఉదయం ఖాదర్ బాషా తమ్ముడు అజ్మతుల్లా వచ్చి, "అన్నా, నువ్వు గూడా ఆడికి పొయినావంట, ఏమన్నా చూసినావా?" అని అడిగాడు. "టీ తాగి ఇడిపోయినాంరా. నేను ముందే వచ్చేసినా" అని ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నిజంగానే నీళ్ళు వచ్చాయి.

కోడే అయి ఉంటుంది. అక్కడ కోయించి ఎవరికైనా ఇచ్చేసి ఉంటాడు.

22 జూలై

హేండిలు పాతబావిలో వేయమన్నాడు. వేశానని చెప్పాను.

26 జూలై, ఆదివారం

కావాలని చెప్పలేదు.

మా సంఘంలో ప్రమాదం తప్పినవాళ్ళు తర్వాతి ఆదివారం లేచి సాక్ష్యం చెప్పాలి. చెప్పకపోతే ప్రభువు చేసిన మేలు దాచుకున్నట్టు. అదే రోడ్డు, అదే రోజు, స్నేహితుడు పడ్డాడు, మా డీకను గారు క్షేమంగా వచ్చాడు. అమ్మగారు లేచి చెప్పాలని అయ్యగారు నా వైపు చూసి అన్నారు. ఆయన తల ఊపాడు. చెప్పమన్నట్టే.

మైకు అంటే నాకు భయం. మా గుడి గోపురానికి హారన్ స్పీకరు ఉంది, బస్టాండు దాకా వినపడుతుంది. లేచి నిలబడ్డాను. వందనాలు చెప్పాను. మామూలుగా రెండు మాటలు చెప్పి కూర్చుంటాను. ఈ రోజు నోరు ఆగలేదు.

"ఆ ఆదివారం నా భర్త నాలుగు గంటలకు ఇంటికి వచ్చినాడు. చొక్కా అంతా నెత్తురు. నా గుండె ఆగిపోయింది. కానీ ఆయన ఒంటి మీద ఒక్క గాయం లేదు. అది కోడి నెత్తురు. చొక్కా నేనే ఉతికినాను. రోలరు హేండిలుకు కూడా నెత్తురు అంటింది, అది కూడా ఈ చేతుల్తోనే కడిగినాను. అందులో ఒక్క చుక్క కూడా నా భర్తది కాదు. అందుకని ప్రభువుకు స్తోత్రం."

"ఆమెన్" అన్నారు అందరూ. ఎవరూ ఏమీ ఆలోచించలేదు. ఆయన కూడా అన్నాడు. తర్వాత ఆయన మెడ మెల్లగా నా వైపు తిరిగింది.

మేము ఇంటికి వచ్చేసరికి ఖాదర్ బాషా భార్య షరీఫా మా గడప మీద కూర్చుని ఉంది. బట్టలు తీసుకుపోవడానికి ఉదయమే నెల్లూరు నుంచి వచ్చిందట. వాళ్ళ ఇల్లు గుడికి రెండు వీధుల అవతల.

"అక్కా, హారన్‌లో ఇన్నాను. ఏం హేండిలు అది?"

"రోలరుదమ్మా."

"కోడి నెత్తురన్నావే. ఏం కూర వండినావు ఆ పొద్దు?"

ఆయన "ఏంది నీ పెత్తనం, పో ఇంటికి" అన్నాడు. షరీఫా లేవలేదు. "నిన్ను అడగలేదన్నా. అక్కను అడుగుతుండా. ఏం కూర వండినావక్కా?"

"పప్పు" అన్నాను.

షరీఫా లేచి, పైట నోట్లో కుక్కుకుని వీధిలోకి పరిగెత్తింది.

ఆయన తలుపు వేశాడు. కట్టెల కుప్పలో నుంచి తుమ్మమొద్దు తీశాడు. ఎడమ చెయ్యి అడ్డం పెట్టాను. మోచేతి కింద విరిగిన చప్పుడు నాకే వినపడింది. పెంచలమ్మ గోడ బాదుతూ అరిచింది. "ప్రేమానందం, సచ్చిపోతాదిరా, వదల్రా!" వదిలేశాడు, కానీ ఆమె కోసం కాదు, మొద్దు చీలింది.

కావాలని చెప్పలేదు ప్రభువా. మేలు చెప్పుకోబోయి చెప్పాను.

27 జూలై, సోమవారం

చేతికి కట్టు కట్టించుకుని పెంచలమ్మతో వచ్చేసరికి వీధి నిండా జనం. అజ్మతుల్లా, ఇంకా నలుగురు. బండిని బయటికి ఈడ్చి సమ్మెటతో కొడుతున్నారు. కొమ్ముల్లాంటి హేండిలు వంగిపోయింది. లైటు పగిలింది. పెట్రోలు రోడ్డు మీద పారుతోంది.

ఆయన కొడవలి తీసుకుని దూకాడు. అజ్మతుల్లా చెయ్యి అడ్డం పెట్టాడు, రెండు వేళ్ళు తెగి వేలాడాయి. వాళ్ళు ఆయన్ను కింద పడేసి తొక్కారు. పక్కటెముకల మీద ఒకడు ఎగిరి దూకాడు. నేను మెట్టు మీద నిలబడి చూశాను. "వదలండి" అనాలి. అన్నానా లేదా గుర్తులేదు.

ఎస్‌ఐ జీపులో వచ్చి చెదరగొట్టాడు. ఎవరో అగ్గిపుల్ల వేశారు. బండి సాయంత్రం దాకా కాలింది.

30 జూలై, గురువారం

ఎస్‌ఐ ఇంటికి వచ్చాడు. షరీఫా కాగితం ఇచ్చిందట. హేండిలు నెల కిందటే పోయిందని ఆయన చెప్పాడు. ఛాతీ చుట్టూ కట్టు కట్టుకుని మంచం మీద ఉండి, నన్ను చూస్తూ చెప్పాడు.

"అమ్మా, గుళ్ళో చెప్పింది ఇన్నాను. అప్పుడు టీ తాగుతుండా బస్టాండులో. దాంతో కేసు నిలబడదు. హేండిలు కావాల, నువ్వొచ్చి చెప్పాల. అట్టాంటిది ఏమన్నా ఉంటే చెప్పు."

"నాకు తెలీదండీ" అన్నాను.

ఎస్‌ఐ నా చేతికట్టు వైపు చూశాడు. "ఇదేంది?"

"జారిపడ్డాను."

ఎస్‌ఐ వెళ్ళాక అయ్యగారు వచ్చారు. కుర్చీ దగ్గరికి లాక్కుని మెల్లగా మాట్లాడారు. "తల్లీ, రెండు మతాల గొడవైతాది. ఊరు తగలబడతాది. ఆదివారం మళ్ళా మైకులో సరిచెయ్యి. భయంలో ఏందో అన్నాను, హేండిలూ లేదు, నెత్తురూ లేదు అని చెప్పు. అంతటితో సల్లబడతాది."

"అయ్యగారూ, ఆదివారం బల్ల కదా" అన్నాను. నెలలో మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. మనసులో దాచుకున్నది ఉంటే తీసుకోకూడదు.

"అందుకే చెప్తుండా. బల్లకు ముందే చెప్పెయ్. మనసు తేలికపడతాది."

ఆయన మంచం మీద నుంచే, "చెప్తాదిలే అయ్యగారూ. మాట జవదాటదు" అన్నాడు.

అయ్యగారు ప్రార్థన చేసి వెళ్ళారు. ఆయన నన్ను దగ్గరికి పిలిచి, విరిగిన చెయ్యి పట్టుకుని కట్టు మీద బొటనవేలితో నొక్కాడు. చాలాసేపు.

1 ఆగస్టు, శనివారం

దుత్తలూరు రోడ్డులో టీ కొట్టు పెట్టుకున్న గురుస్వామి పెంచలమ్మకు దూరపు చుట్టం. ఆ ఆదివారం జరిగింది ఆమెకు చెప్పాడు, ఆమె నాకు చెప్పింది.

ఇద్దరూ పందెం కాశారు. క్రూజరుకు ముందు ఖాదర్ బాషా తన పాత రాజ్‌దూత్‌తో వచ్చేశాడు. కుర్రవాళ్ళంతా ఈలలు. ఖాదర్ బాషా టీ తాగుతూ, "మా అన్న రోలరు మీద వచ్చుంటే గెలిచుండేవోడబ్బా" అన్నాడట. ఈయన కూడా నవ్వాడట. ఖాదర్ బాషా ఆగలేదు. "ఈసారి వదిన్ను ఎనకాల ఎక్కించుకోని రా అన్నా. ఎప్పుడు ఒంచాల్నో ఆమె చెప్తాది."

ఆ తర్వాత ఇద్దరూ ఒకేసారి బయల్దేరారు. ఈయన వెనకాల.

ఇంక ఆ సంగతి రాయలేను.

2 ఆగస్టు, ఆదివారం

పెదవి రెండు చోట్ల చీలింది, ఒక కన్ను మూసుకుపోయింది. పెంచలమ్మ ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. కుడి చెయ్యి బాగుంది.

తెల్ల గుడ్డ కప్పిన బల్ల ముందు ఆయన మిగతా డీకన్లతో నిలబడి ఉన్నాడు. చిన్న గ్లాసుల పళ్ళెం ఆయన చేతిలో ఉంది. పక్కటెముకల నొప్పితో ఒక పక్కకు ఒరిగి నిలబడ్డాడు. అయ్యగారు నన్ను పిలిచారు. "సుధారాణమ్మ గారు ఒక చిన్న మాట సరిచేసుకుంటారు."

మైకు దగ్గరికి వెళ్ళాను. బయట వీధిలో ఒక్క చప్పుడు లేదు. రెండు వీధుల అవతల కూడా నిలబడి వింటున్నారని నాకు తెలుసు.

వందనాలు చెప్పాను. తర్వాత చెప్పాను.

"పోయిన ఆదివారం నేను కోడి నెత్తురు అని చెప్పినాను. కోడి లేదు. ఆ రోజు మా ఇంట్లో పప్పు వండినాను. ఆ హేండిలు బావిలో వెయ్యమని నా భర్త చెప్పినాడు. వెయ్యలేదు. అది మా బియ్యం డ్రమ్ములో, అడుగున ఉండాది."

గుడిలో ఎవరో "అయ్యో" అన్నారు. ఆయన కదల్లేదు. ఇంకా చెప్పాను.

"ఈ చెయ్యి జారిపడి ఇరగలేదు. తుమ్మమొద్దుతో ఇరగ్గొట్టినాడు. మాకు బాత్రూము లేదు. ఇరవై ఎనిమిదేండ్లుగా నేను ఎప్పుడూ జారిపడలేదు."

పళ్ళెం కింద పడింది. గ్లాసులు ముక్కలయ్యాయి. ఆయన బల్ల దాటుకుని వచ్చి పిడికిలితో నోటి మీద కొట్టాడు. నేను మైకు పట్టుకునే ఉన్నాను. ఇంకోటి కన్ను మీద. కింద పడ్డాక మైకు స్టాండు ఎత్తి భుజం మీద కొట్టాడు. తీగ ఊడలేదు. ఒక్కో దెబ్బా హారన్‌లో పడిందని పెంచలమ్మ చెప్పింది. దెబ్బ చప్పుడు, నా మూలుగు, "నోరు మూస్తావా, మూస్తావా" అని ఆయన అరుపు, అన్నీ బస్టాండు దాకా వినపడ్డాయి. ఇంటి గోడల మధ్య ఇన్నేళ్ళూ జరిగింది ఒక్క నిమిషం ఊరంతా విన్నది.

సంఘంలో మగవాళ్ళు యాభై మంది ఉన్నారు. ఆయన్ను మొదట పట్టుకున్నది స్త్రీల సమాజం మాలకొండమ్మ, అరవై ఏళ్ళది. వెనకనుంచి నడుం పట్టుకుని వేలాడింది. అప్పుడు మగవాళ్ళు లేచారు.

ఎస్‌ఐ చెప్పులు విప్పకుండానే గుడిలోకి వచ్చాడు. తీసుకెళ్తుంటే ఆయన నా వైపు చూసి, "నాకు అన్నం ఎవురు తెస్తారే?" అన్నాడు. కోపంగా కాదు. నిజంగానే అడిగాడు.

హేండిలును బియ్యంలో నుంచి ఎస్‌ఐ తీయించాడు. ఎంత తోమినా పిడి సందులో కొంచెం మిగిలి ఉందట. ఈ పుస్తకం అంతకు ముందే పెంచలమ్మ ఇంట్లో పెట్టాను.

బల్ల ఇవ్వలేదు ఈ రోజు.

6 ఆగస్టు, గురువారం

ఖాదర్ బాషా చనిపోయాడు. తెలివి రాకుండానే.

9 ఆగస్టు, ఆదివారం

గుడికి వెళ్ళలేదు. షరీఫా దగ్గరికి వెళ్ళాను.

అజ్మతుల్లా చేతికి గుడ్డ చుట్టుకుని అరుగు మీద ఉన్నాడు. నన్ను చూసి లేచి చోటిచ్చాడు. లోపల షరీఫా నా కాళ్ళ మీద పడబోయింది. పట్టుకున్నాను.

"అక్కా, నువ్వు చెప్పకపోతే పడి సచ్చినాడనే పూడ్చిపెట్టుండేవాళ్ళం. నీ మొగుణ్ణి నువ్వే పట్టిచ్చినావు. ఎవురు చేస్తారక్కా ఇట్ట?"

నా ముఖం తడిమింది, వాపు మీద. తర్వాత అడిగింది.

"డాక్టరు ఏమన్నాడో తెల్సా? గంట రెండు గంటలు ముందు తెచ్చుంటే బతికుండేవోడన్నాడు. ఆ నెత్తురు చూసినప్పుడు నీకు ఏమీ అనుమానం రాలేదా అక్కా?"

"లేదమ్మా" అన్నాను. "కోడి అన్నాడు, నమ్మినాను."

నమ్మలేదు. మైకులో చెప్పనిది, ఎస్‌ఐకి చెప్పనిది, రేపు కోర్టులో కూడా చెప్పలేనేమో అనిపించేది ఇక్కడ రాస్తాను.

నాలుగింటికి ఆ చొక్కా విప్పి ఇచ్చినప్పుడే నాకు తెలుసు. "ఖాదర్ బాషా ఏడీ?" అని ఒకసారి అడిగాను. "వస్తాడ్లే మెల్లగా" అన్నాడు. హేండిలు తోముతుంటే దానికి అంటిన రెండు వెంట్రుకలు నీళ్ళలో తేలాయి. కోడికి వెంట్రుకలు ఉండవు. నీళ్ళు పారబోశాను. పోలీసు స్టేషను మా వీధి చివర. ఖాదర్ బాషా షెడ్డు బస్టాండులో. ఎవరికి చెప్పినా ఒక జీపు పోయేది.

అయిదున్నరకు ఆయన స్నానం చేసి టీవీ పెట్టాడు. నేను పక్కన కూర్చున్నాను. భయం వల్ల కూర్చున్నానని రాయవచ్చు. భయం ఉంది. కానీ పది నిమిషాలు గడిచాక భయం పోయింది ప్రభువా. రేసు చూశాను. ఎవడు ముందు వంచుతున్నాడో చూశాను. మనసులో ఒక బండి అనుకున్నాను. అది గెలిస్తే సంతోషపడ్డాను. అడిగేవాడు ఆ ఆదివారం లేడు కాబట్టి ఎవరికీ చెప్పలేదు. ఏడింటి దాకా అతను కల్వర్టు కింద ఉన్నాడు.

మొదటిసారి లేచి మాట్లాడినప్పుడు కావాలనే మాట్లాడాను. ఇంతకుముందు రాసింది అబద్ధం. అది కూడా షరీఫా కోసం కాదు. వారం రోజులుగా ఆ మూడు గంటలు నా మీద కూర్చున్నాయి, వాటిని ఆయన మీదికి తోయాలనుకున్నాను.

షరీఫా నాకు అన్నం పెట్టింది. తిన్నాను. వచ్చేటప్పుడు, "ఆదివారం ఆదివారం రా అక్కా" అంది.

వెళ్తాను. ఆమె అడిగిన పని ఏదైనా చేస్తాను. ఆ మూడు గంటలు మాత్రం ఆమెకు చెప్పే ధైర్యం నాకు ఇవ్వకపోయినా నిన్ను ఏమీ అనను ప్రభువా.

ఈ కాగితాలు కాల్చాలని పొయ్యి దాకా తీసుకెళ్ళి తిరిగి తెచ్చాను. కాలిస్తే నేను మంచిదాన్నే అని నేను కూడా నమ్మేస్తాను. కరుణశ్రీకి దొరికినా, పెంచలమ్మకు దొరికినా, చదివిన చోటే మూసేయండి. పారేయవద్దు. ఎవరికీ చూపించవద్దు. షరీఫాకు అసలు వద్దు.